మా మేనత్త చేతి ఆముదం

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి కూతురు ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టి, చూడు అమ్మమ్మా, మీ కాలం వైద్యం మళ్లీ వచ్చింది అంది. అందులో నున్నటి చెంపల పిల్లొకతె బొటనవేలంత సీసాలోంచి నాలుగు చుక్కల ఆముదం అరచేతిలో వేసుకుని మొహానికి రాసుకుంటూ, చర్మం పొడిబారదనీ, పగుళ్లు పోతాయనీ, కనుబొమలు ఒత్తుగా వస్తాయనీ చెబుతోంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరువాత, ఇది మన అమ్మమ్మల నాటి రహస్యమనీ, ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఎంతో ప్రేమగా రాసేవారనీ చేతులు తిప్పుతూ చెప్పింది చూడండి, నాకు ఒళ్లు మండిపోయింది. ఆముదం తాగినట్టు ఆ మొహమేమిటని మనవరాలు నవ్వింది. ఆముదం వండిన మనిషి గుర్తొచ్చిందని ఆ పిల్లకు ఏం చెప్పను? నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నరసన్నపేటకు నాలుగు మైళ్ల దూరంలో, వరిచేలకూ జీడితోటలకూ మధ్య మా ఊరు. అరవైల చివరి మాట, నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. మా మేనత్త, అంటే మా నాన్నకు స్వయానా చెల్లెలు, పదహారో ఏట మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు, ఊళ్లో ఎంతమంది చేసుకోలేదు! కానీ నాలుగు జతల ఎడ్లున్న ఇంటి ఆడపిల్ల రెండో తాళి కట్టించుకుంటే పరువు పోతుందని మా నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆ పరువుకు కాపలాగా మేనత్తను పెరట్లో కూర్చోబెట్టి, ఇంటెడు చాకిరీ నెత్తిన పెట్టింది. కన్నతల్లేనండీ, అత్తగారు కాదు.

ఆ చాకిరీలో ఆవిడ ఇష్టపడి చేసింది ఆముదం వండటం ఒక్కటే. గట్ల మీద కోసుకొచ్చిన కాయలు ఎండబెట్టి, గింజలు రాల్చి, మంగలంలో దోరగా వేయించి, రోట్లో ముద్దయ్యేదాకా దంచి, కుండలో మరిగే నీళ్లలో ఆ ముద్ద కలిపి, పొద్దు వాలేదాకా సన్నని సెగ మీద ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మరో గిన్నెలో మళ్లీ కాచేది. నీటి చెమ్మ ఉన్నంతసేపూ అది చిటపటలాడుతూనే ఉంటుంది, ఆ చప్పుడు పూర్తిగా ఆగితేనే దించాలి. ఆవిడ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చునేది. గానుగలో ఆడించినది దీపాలకూ బండి ఇరుసులకూ, ఇంట్లో వండినది ఒంటికీ అని మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు.

చలికాలం వచ్చిందంటే ఊళ్లో పగిలిన మడమలన్నీ మా పెరటి గుమ్మం ముందే ఉండేవి. గంపలతో చేపలు తెచ్చే సముద్రపు ఒడ్డు ఆడవాళ్లు ఉప్పునీటికి చిట్లిన చేతులు చాపితే, ఆవిడ గోరువెచ్చని నూనె తన అరచేతిలో రుద్ది వేడి చూసుకుని మరీ రాసేది. తడి ఆరిన ఒంటికే రాయాలి, ఊరికే పూయడం కాదు, కొద్దికొద్దిగా ఇంకేలా మర్దించాలి అనేది. ఆ అరచేతుల మెత్తదనం ఇప్పటికీ నాకు తెలుసు. పురుడొచ్చిన ప్రతి ఇంటికీ పసిబిడ్డ మాడుకూ, తొడల మడతలకూ ఆవిడ ఆముదమే వెళ్లేది. నూనె వెళ్లేది గానీ మనిషి వెళ్లడానికి లేదు. బొట్టు లేని మనిషి పురుటి గది గడప తొక్కకూడదు, పసివాళ్లను తాకకూడదు. గిన్నె గుమ్మం బయట పెడితే, ముత్తయిదువ ఎవరో వచ్చి వేరే గిన్నెలోకి వంచుకుని లోపలికి తీసుకుపోయేది. గిన్నె మారిస్తే దోషం పోతుందట. ఈ తెలివి మొదట ఎవరికి పుట్టిందో, దొరికితే ఇవాళ నాలుగు దులిపేదాన్ని.

ముగ్గురు ఆడపిల్లల తరువాత మా అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. నాయనమ్మకు ఈసారి గిన్నె మార్చడం మీద కూడా నమ్మకం లేకపోయింది. నాన్నను నరసన్నపేట పంపి దుకాణంలో ఆముదం తెప్పించింది. అది గానుగ సరుకని మూత తీయగానే వాసనే చెప్పింది. ఇంటి పెద్దకు ఆ మాత్రం తెలియక కాదు, పంతం. మూడు రోజులు రాసేసరికి తమ్ముడి ఒళ్లంతా ఎర్రగా కంది, మెడ కిందా తొడల్లో చర్మం లేచిపోయి, వాడు పాలు తాగడం కూడా మానేసి గుక్కపెట్టి ఏడ్చాడు. తప్పు నూనెదని నాయనమ్మ ఒప్పుకుంటుందా? కూతురి కన్ను పడిందంది. ఆ కూతురు ఆ వారమంతా పురుటి గది వైపే రాలేదు, పెరట్లో గింజలు వేయిస్తూనే ఉంది, వాడి కోసమే.

ఆ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పింది. "మీ అత్తనడిగి నూనె అట్టుకురా. నాయనమ్మకి సెప్పకు." మేనత్త కొబ్బరిచిప్పలో నూనె పోసి ఇస్తూ, ముందు పెసరపిండితో పాత జిడ్డు కడగమని, చర్మం లేచిన చోట రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దమని రెండుసార్లు నాచేత అప్పజెప్పించుకుంది. పరికిణీ కుచ్చిళ్ల చాటున ఆ చిప్ప పది రోజులు మోశాను. నాలుగో రోజుకు ఎరుపు తగ్గింది, పదో రోజుకు కొత్త చర్మం వచ్చింది.

ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేశారు. వచ్చిన చుట్టాలందరికీ నాయనమ్మ పిల్లాడి తొడలు చూపించి, పట్నం నూనె మహిమ అని చెప్పుకుంది. అత్తసొమ్ము అల్లుడు దానమంటే ఇదే కదా. పంక్తులు లేచాక, అంట్లు తోముతున్న మేనత్త చేతులు తుడుచుకుంటూ గుమ్మం బయట నిలబడింది.

"ఒక్కపాలి గుంటడ్ని నా కాళ్ల మీదెయ్యవే అమ్మా. నూనె రాసి ఇచ్చేత్తాను."

"నీ సెయ్యి ఆడికి తగలకూడదు. ఎల్లు."

అమ్మ తల దించుకుని ఉయ్యాల తాడు సవరించింది. నాన్న కండువా దులుపుకుని వీధిలోకి పోయాడు. పది రోజులు చిప్ప మోసిన నేను బూరె తింటూ నిలబడ్డాను. ఆ నూనె అత్తదే అని ఒక్క మాట అంటే నాయనమ్మ వీపు చీరేస్తుందని భయం. పదేళ్ల పిల్లవు, ఏం చేయగలవు అంటారు మీరు. నాకు నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను, కానీ నా మీద నా కోపం అణా అంత కూడా తగ్గలేదు. మర్నాడు ఎదురింట్లో పురుడొస్తే మేనత్త మళ్లీ రోలు కడిగింది. ఆవిడ కోప్పడి ఆ కుండ పగలగొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. మరో పదిహేనేళ్లు ఊరి పిల్లలందరికీ వండి పోసి, ఒక్క పసిబిడ్డనైనా కాళ్ల మీద వేసుకోకుండానే పోయింది.

కాలం మారలేదని అనను. మా ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. నిరుడు చిన్నకోడలు శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు, నన్ను చాప మీద కూర్చోబెట్టి, పాపను నా కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె గిన్నె పక్కన పెట్టి, పాలు పొంగుతాయంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను, ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని. ఎవరూ రాలేదు. అసలు ఆపాలన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వెచ్చగా, నూనెకు జారుతూ ఆ బుల్లి ఒళ్లు నా కాళ్ల మీద మెదులుతుంటే, సంతోషించాల్సిన చోట ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. ఇంత చిన్న పనా, వాళ్లందరూ కలిసి మా మేనత్తను చేయనివ్వనిది!