మూరెడు తక్కువైన తీగ

గత వారం మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ కాలింది. మా ఆవిడ వెంటనే ఫోన్ తీసి వైర్‌మన్‌ను పిలిచింది. నేను అదే గదిలో కూర్చొని టీ తాగుతున్నాను. ఇరవై ఏళ్లుగా చంద్రపూర్‌లో నేను చేసే పనీ వైరింగే. "నువ్వు రేపు చేస్తనంటవ్, గాయన ఇయ్యాలనే వస్తడు" అని ఆమె లెక్క. వచ్చినాయన మూత విప్పగానే కాలిన ప్లాస్టిక్ వాసన గదంతా కమ్మింది. లోపల రాగి తీగ మీద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది. ఆ పొడి వేలికి అంటితే చాలు, నాకు ఒక పడవ గుర్తొస్తుంది. ఆ పడవకు ఎదురుగా, గట్టు మీద మడత కుర్చీ వేసుకొని కూర్చున్న దేవదానం మామ గుర్తొస్తాడు.

మామ అన్నది వరసకే, చుట్టరికం ఏమీ లేదు. లాల్‌పేట్‌లో మా సందులోనే ఉండేవాడు. కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ముప్పై ఏళ్లకు పైగా గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎడమ మోకాలు వంగేది కాదు. ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ ఖాకీ చొక్కా. నవ్వు మాత్రం వారంలో ఏ రోజుకూ కేటాయించలేదు. నేనేమో ఏడో తరగతిలో మరాఠీ బడి మానేసి, చేతితో సగం, నోటితో సగం బతుకుతున్నవాణ్ని. ఒకసారి పక్కింట్లో కొత్త వైరింగ్ ముగించి సామాను సర్దుకుంటుంటే ఆయన లోపలికి వచ్చాడు. గోడలన్నీ ఓపిగ్గా చూసి ఒకటే అడిగాడు.

"ఈ ఇంట్ల నువ్వు పండుకుంటవా?"

"నేను పండుకుంటనంటే ఇంటాయన ఊకుంటడా మామా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "నేనడిగింది గదే. పండుకుంటవా, లేదా?" అన్నాడు. ఆ ప్రశ్నను కూడా నవ్వులో కలిపేసి సైకిలెక్కాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఎదుటివాణ్ని నవ్విస్తే జవాబు చెప్పినట్టేనని నమ్మేవాణ్ని.

గంగారాం, లక్ష్మి మా ఊరి అవతల ఇరై జలాశయంలో చేపలు పట్టే దంపతులు. సిరోంచ వైపు తెలుగువాళ్లు. ఇద్దరూ ఒకే పడవలో పోయేవాళ్లు. పాత చెక్క పడవ, చిన్న ఇంజన్, ఒక బ్యాటరీ. ముందు ఒక లైటు, అడుగున చేరిన నీళ్లను బయటికి తోసే చిన్న పంపు. చెక్కల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉండేవి కాబట్టి ఆ పంపే వాళ్ల ప్రాణం. వానాకాలంలో ఒకసారి జలాశయం నడుమ ఆ పంపు ఆగిపోయింది. మొగుడు తెడ్డు వేస్తుంటే పెళ్లాం నూనె డబ్బాతో నీళ్లు తోడుతూ ఎలాగో ఒడ్డుకు చేరారు. వైర్లన్నీ మార్చేదాకా పడవ కదలదని లక్ష్మి పట్టుబట్టింది. గంగారాం దేవదానం మామను పిలిచాడు. మోకాలు వంగని మనిషి పడవలోకి దిగలేడు కాబట్టి మామ నన్ను తీసుకెళ్లాడు.

పాత వైర్లు లాగుతుంటే పెళపెళ విరిగాయి. విరిగిన చోటల్లా ఆకుపచ్చ పొడి. దాని మీద పక్కనే ఉన్న దుర్గాపూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాల బూడిద ఒక పొర. మామ గట్టు మీద కుర్చీలోంచే చెప్పేవాడు: తీగ అడుగు నుంచి పోవద్దు, పై అంచు వెంట కళ్లకు కనబడేలా పోవాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, నడుమ ఎక్కడా అతుకు ఉండొద్దు. ప్రతి తీగకూ ఒక రేకు బిళ్ల కట్టి దాని మీద మేకుతో 'దీపం', 'పంపు' అని తెలుగులో గీకి ఇచ్చాడు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ బిళ్లల వల్లే. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆ తప్పు కూడా ఆయనదే.

మధ్యాహ్నానికి పని చివరికొచ్చింది. పంపు తీగ మూరెడు తక్కువ పడింది. దుకాణం ఊళ్లో ఉంది, పోయి రావడానికి రెండు గంటలు. పాత వైరు ముక్క ఒకటి శుభ్రం చేసి, మెలిపెట్టి, టేపు చుట్టి, అడుగు చెక్క కిందికి తోసి చెక్క మూసేశాను. ఇళ్లలో గోడ లోపల ఇలాంటివి చాలా చేశాను. గోడలోకి నీళ్లు రావు. పడవ అడుగున నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవన్న సంగతి చేతులకు తట్టలేదు. స్విచ్చి వేస్తే పంపు గుర్రుమంది. లక్ష్మి దండం పెట్టుకుంది.

"అయిపోయింది మామా."

"అయిపోయిందా? అయితే కూసో."

"ఎక్కడ?"

"పడవల. అక్కను, బావను నడుమదాక తీస్కపో. మా గనిల గదే రివాజు. కేబుల్ ఎవడు జోడిస్తే వాడే ముందుగాల దాని పక్కన దిగాలె."

"మామా, నాకు ఈత రాదు."

"నీ పని నీకొస్తది కదా. ఈతెందుకు?"

అందరూ చూస్తున్నారు. ఎక్కి కూర్చున్నాను. గంగారాం ఇంజన్ వేశాడు. ఒడ్డు యాభై గజాలు వెనక్కి జరిగింది. నా కాళ్ల కింద, సరిగ్గా ఆ చెక్క కింద, నీళ్లు అటూ ఇటూ కదులుతున్న చప్పుడు. పంపు నడుస్తూనే ఉంది. నాకు వినిపించింది మాత్రం టేపు లోపలికి తడి పాకుతున్న చప్పుడు. అలాంటి చప్పుడు ఉండదని నాకు తెలుసు. అయినా వినిపించింది.

"బావా, ఎనుకకు తిప్పు. కటింగ్ ప్లేయర్ గట్టు మీద మర్చిపోయిన."

లక్ష్మి నా వైపు చూసింది. "నీ చేతుల ఉన్నదేంది తమ్మీ?"

చేతిలో ఉన్నది అదే. ఆ ఒక్కసారి నా నోరు నన్ను ఆదుకోలేదు. ఒడ్డుకొచ్చాక చెక్క లేపి, అతుకు తీసి మామ ముందు పెట్టాను. లక్ష్మి దాన్ని చూసింది, పడవను చూసింది, వెళ్లి వల సర్దుకోసాగింది. తిట్టినా బాగుండేది.

"ఎంత తక్కువ పడ్డది?" అన్నాడు మామ.

"మూరెడు. నీకు ముందే ఎరుకనా?"

"పని సక్కగయితే కొత్త తీగ ముక్కలు మిగుల్తయ్. గట్టు మీద ఒక్క ముక్క కనవడలే."

"మరి చెప్పకపోతివి?"

"నేను చెప్తే నాకు భయపడుదువు. దానితోని ఏం ఫాయిదా?"

మర్నాడు కొత్త తీగ తెచ్చి, ఒకే పొడవున పై అంచు వెంట వేశాను. గంగారాం పడవలోకి ఇరవై బకెట్ల నీళ్లు పోశాడు. పంపు వాటిని బయటికి పోసేదాకా జలాశయం నడుమ కూర్చొని రెండు చేతులతో అంచు పట్టుకున్నాను. ఒడ్డుకొచ్చాక మామ చేసిందల్లా కుర్చీ మడిచి నా చేతికివ్వడమే. అటు తర్వాత ఎనిమిదేళ్లు ఆయనతో తిరిగాను. మెచ్చుకోలు అన్నీ ఆ కుర్చీ మాదిరే ఉండేవి, మోయడానికి ఇచ్చేవాడు. మూడేళ్ల కింద ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చర్చి వెనక మట్టి వేసేటప్పుడు అలవాటుగా ఏదో ఒక జోకు కోసం వెతికాను. దొరకలేదు.

ఇప్పుడు నేను గీజర్ బిగించిన ఇంట్లో మొదటి స్నానం నాది. సంచిలో తువ్వాలు ఉంటుంది. భద్రావతిలో ఒక ఇంటాయన నన్ను పిచ్చివాడనుకొని సబ్బు కూడా ఇచ్చాడు. గంగారాం పడవ వైరింగ్ ఏటా వానలకు ముందు చూసి, నడుమదాకా పోయి వస్తాను. ఈత ఇప్పటికీ రాదు. మొన్న పోయినప్పుడు కాలు మీద కాలేసుకొని కూర్చొని, గొప్ప కోసం అన్నాను: "చూసినవా అక్కా, మామ పుణ్యాన నాకు నీళ్లంటే భయమే లేకుండ పోయింది."

లక్ష్మి వల విదిలిస్తూ తలెత్తకుండానే అంది: "నిజంగ పోయిందా తమ్మీ? అయితే ముందుగాలనే చెప్పు, వచ్చే ఏడు వేరేటోన్ని చూస్కుంటం."