మా ఆయన లేని కాన్పులో దేవుడు పంపిన తోడు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని అయ్యగారు నన్ను చాలాసార్లు అడిగారు, ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఎందుకంటే సాక్ష్యమంటే చివరికి అన్నీ చక్కబడ్డాయని చెప్పాలని అందరూ ఎదురుచూస్తారు, నా బతుకులో అన్నీ చక్కబడలేదు. అయినా దేవుడు నాకు చేసిన మేలు ఒకటుంది, దాన్ని దాచుకుని పోవడం న్యాయం కాదనిపించి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మాది రాజంపేట పక్కన చిన్న పల్లె. అప్పటికి మేము యేసయ్యను ఎరుగం. పెళ్లయిన కొత్తలోనే నాకు కడుపు నిలిచింది, నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ నన్ను బల్లమీద వెల్లకిలా పడేసి, అరిస్తే తొడమీద కొట్టి, ఇద్దరు మనుషులు పొట్టమీద పడి నొక్కి, చివరికి ఊపిరి లేని మగబిడ్డను ఒక్కసారి చూపించి తీసుకెళ్లిపోయారు. ఏం జరుగుతోందో, ఎందుకు జరిగిందో ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజునుంచి కాన్పు అనే మాట వింటే చాలు, నా చేతులు చల్లబడిపోయేవి.

తరువాత నేనూ, మా ఆయన నరసింహులూ కువైట్ వెళ్లాం. జాబ్రియాలో ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు, నేను ఇంటి పని. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అని పిలిచేవాళ్లం. అక్కడ ఉండగా నాకు మళ్లీ నెల తప్పింది. మామా విసుక్కుంది గానీ, కాన్పయ్యాక ఇండియా పంపిస్తానని ఒప్పుకుంది. పరీక్షలకు వెళ్లిన ఆసుపత్రిలో ఒక తెలుగు నర్సు పరిచయమైంది, పేరు కరుణమ్మ, నర్సాపురం వైపు మనిషి, ఎన్నో ఏళ్లుగా కాన్పులు చేయించిన మిడ్‌వైఫ్. నా చెయ్యి పట్టుకోగానే ఆమెకు నా భయం తెలిసిపోయింది. బ్నీద్ అల్ గార్‌లో తన ఇల్లెక్కడో గుర్తులు చెప్పి, "ఏ అవసరమొచ్చినా వచ్చెయ్ అమ్మాయ్, మొహమాటపడకు" అంది.

తొంభై ఆగస్టులో, నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా, కువైట్‌మీద ఇరాక్ సైన్యం వచ్చి పడింది. తెల్లవారి చూస్తే వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది. కొన్నాళ్లు తలుపులు మూసుకుని ఉన్న తరువాత, ఎడారి దారిన సౌదీకి పారిపోవాలని మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, మామా భర్త, నిర్ణయించుకున్నాడు. రెండు బండ్లు, ఒకటి ఆయన తోలాలి, రెండోది మా ఆయన తోలాలి. నేను మామా కాళ్లు పట్టుకున్నాను. నన్నన్నా తీసుకుపో, ఆయన్నన్నా వదిలిపెట్టు అన్నాను.

"చోటు లేదు" అంది మామా. "నరసింహ బుక్రా వచ్చేస్తాడు."

బుక్రా అంటే రేపు. నేను కూర్చోవలసిన చోట పెట్టెలు పెట్టారు సహోదరులారా, నా కళ్లముందే పెట్టారు, వాటిమీద ఒక చుట్టిన తివాచీ కూడా పెట్టారు. మా ఆయన బండి దగ్గరినుంచి వెనక్కి వచ్చి నా తలమీద చెయ్యి పెట్టాడు.

"వీళ్లను దించేసి తిరుక్కుంటా. నువ్వు తలుపు గడేసుకోని లోపలే ఉండు. యెవురు పిల్సినా పలకాకు" అన్నాడు.

"పోవద్దు" అన్నాను.

"పోకుంటే వీళ్లు ఇఖామా గుంజుకుంటారు గదా, ఆ కార్డు లేకుంటే ఈడ ఉండనీరు. వచ్చేస్తాలే, బయపడాకు."

ఆ రేపు రాలేదు. వారం గడిచినా రాలేదు. పక్కింటి గేటు విరగ్గొట్టి సామాన్లు మోసుకుపోతున్న సైనికులను కిటికీ సందులోంచి చూసి, ఇక ఆ ఇంట్లో ఉండలేక ఒక ఉదయం బయటపడ్డాను. కొంత దూరం నడిచాక, కూరగాయల పికప్ తోలుకుపోతున్న ఒక పఠాన్ నా పొట్ట చూసి బండి ఆపి, నన్ను కరుణమ్మక్క ఇంటి దగ్గర దించాడు.

దారిపొడవునా చెక్‌పోస్టులు ఉన్నాయి, ఆసుపత్రిలో మందులు లేవు, సగంమంది నర్సులు వెళ్లిపోయారు. "బిడ్డ తల కిందకే ఉంది, ఇక్కడే కందాం" అంది అక్క నన్ను పరీక్షించి. "రక్తం ఎక్కువ పోయినా, నాకు తేడాగా కనబడినా, ఆ సైనికుల కాళ్లు పట్టుకునైనా నిన్ను ఆసుపత్రికి చేరుస్తాను. అంతవరకూ వస్తే చూద్దాం. ముందు నువ్వు సిద్ధపడాలి."

ఆ సిద్ధపాటు ఎలా ఉండేదో చెప్తాను, ఈ సంఘంలో నెలలు నిండుతున్న తల్లులు ఉన్నారు కాబట్టి. పొద్దున్నే నన్ను వరండాలో నడిపించేది, గోడ పట్టించి గొంతుకూర్చోబెట్టి లేపేది, నా నడుము కింద అరచేత్తో ఎలా నొక్కాలో నాలాగే ఆ ఇంట్లో తలదాచుకున్న ఇంకో అమ్మాయికి నేర్పింది. గర్భసంచి నోరు ఎలా తెరుచుకుంటుందో తన చొక్కా మెడను లాగి చూపించింది. నా జీవితంలో నా ఒంటి సంగతి నాకు విడమరిచి చెప్పిన మొదటి మనిషి ఆమె.

"నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగబట్టకు. దవడ వదులు చెయ్యి, గుప్పిళ్లు వదులు చెయ్యి. వేడి టీ మీద ఊదినట్టు మెల్లగా ఊపిరి వదులు. నొప్పి అలలాగొత్తది, పోద్ది. మధ్యలో సందు ఉంటది, ఆ సందులో పడుకో."

నేను నేర్చుకున్నాను గానీ మనసు విషమైపోయింది. అక్క ప్రార్థనకు మోకరిస్తే నేను ముఖం గోడవైపు తిప్పుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను.

"మీ దేవుడు మా ఆయన్ని యాడ పెట్టినాడు? అడిగి చెప్పు."

అక్క మోకాళ్లమీదనుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాకు తెలీదమ్మా" అంది. "వస్తాడో రాడో నేను చెప్పలేను. బిడ్డ మాత్రం వచ్చుద్ది. దానికి సిద్ధపడదాం."

తప్పకుండా వస్తాడని ఆమె చెప్పి ఉంటే నేను ఆమెను నమ్మేదాన్ని కాను. తెలియదని చెప్పింది కాబట్టే నమ్మాను.

ఇంతలో జోర్డాన్ వైపు వెళ్లే బస్సులు బయలుదేరాయి. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, నడుము నొక్కడం నేర్చుకున్న అమ్మాయి కూడా వెళ్లిపోయింది. అక్కకూ చోటు దొరికింది. నేను, "నువ్వు పో అక్కా, నీకూ పిల్లోళ్లు ఉండారు" అన్నాను. ఆమెకు ఊళ్లో ఇద్దరు కూతుళ్లున్నారు.

"నిన్నొదిలేసి వెళ్లి ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చెయ్యమంటావే?" అని కసిరి, పాత చీరలు చింపి ఉడకబెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి నేను గోడకు చేతులానించి ఊగుతూ ఉన్నాను, అక్క నా వెనక నిలబడి నడుము పట్టుకుని ఉంది. అప్పుడే సైనికులు తలుపు బాదారు. అక్క నన్ను వదిలి వెళ్లి తలుపు తీసింది. ఇద్దరు లోపలికొచ్చారు. ఆమె అరబ్బీలో, ఇక్కడ కాన్పు జరుగుతోంది, గదిలోకి రావద్దు అని చెప్పడం నాకు వినబడింది. ఒకడు గుమ్మం దగ్గర నన్ను చూసి తల తిప్పుకున్నాడు. కానీ ఉత్త చేతులతో పోలేదు. మా బియ్యం సంచీ, గ్యాస్ సిలిండరూ మోసుకుపోయారు. నీళ్లు అప్పటికే కాచి ఉండబట్టి సరిపోయింది.

ఆ కాసేపూ నేను ఒంటరిగా నొప్పి పట్టుకుని ఉన్నాను సహోదరులారా. అరిస్తే వాళ్లు లోపలికి వస్తారేమోనని ఊపిరి మాత్రం వదులుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ దేవునితో మాట్లాడాను. "యేసయ్యా, నాకు నీతో తగువుంది. అది తరువాత తేల్చుకుందాం. ఇప్పుడు నా పక్కన ఎవురూ లేరు, నువ్వుండు." ఇంతే నా ప్రార్థన. వెలుగు కనబడలేదు, స్వరం వినబడలేదు. కానీ నా చేతులు వెచ్చగా ఉన్నాయి. మొదటి కాన్పు నుంచి నన్ను పట్టుకుని ఉన్న ఆ భయం కోసం లోపల వెతుక్కున్నాను, అది లేదు. నొప్పి ఉంది, దుఃఖం ఉంది, కోపం ఉంది, భయం మాత్రం లేదు. దేవునికే మహిమ.

అక్క వచ్చి నన్ను మోకాళ్లమీద కూర్చోబెట్టింది. ఎవరూ నన్ను కొట్టలేదు, ఎవరూ నా పొట్ట నొక్కలేదు. "తొందర లేదు, నీ ఒళ్లు చెప్పినప్పుడే ముక్కు" అని చెవి దగ్గర చెబుతూనే ఉంది. మధ్యాహ్నం ఎండవేళ ఆడపిల్ల పుట్టింది, పుట్టగానే ఏడ్చింది. బొడ్డు కోయకముందే బిడ్డను నా రొమ్ముమీద పడుకోబెట్టి, అక్క అలాగే నేలమీద కూలబడి ఏడ్చింది.

నేను లేచి తిరగగలిగాక మేము ముగ్గురం బస్సెక్కి, బస్రా, బాగ్దాద్ దాటి, జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాలకు చేరాం. మా ఆయన సౌదీలో ఎక్కడో క్షేమంగా ఉండి ఉంటాడని, రాలేక ఆగిపోయాడని నేను దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ గుడారాల దగ్గర నీళ్ల వరసలో జగిత్యాల మనిషి ఒకాయన కలిశాడు, కువైట్‌లో సౌదీ సరిహద్దు పక్కనుండే వఫ్రా తోటల్లో పని చేసేవాడట. రాజంపేట మాట నా నోట రాగానే నన్ను తేరిపార చూశాడు.

"గా ఊరాయన, డ్రైవర్ నర్సింలు, నీకేమైతడమ్మా?"

"నా మొగుడు."

ఆయన తల దించుకున్నాడు. "సేట్లను సర్హద్దు దాటిచ్చి ఎనక్కి మళ్లిండట. మా తోట కాడ నీళ్లు తాగిండు. పోకన్నా, తొవ్వల మిలట్రీ ఉంది అని చెప్పిన. నా పెండ్లానికి నెలలు నిండినయ్, పోవాలె అన్నడు. ఇనలేదమ్మా. గా తెల్లారి తొవ్వల ఆయన బండి కాలిపోయి ఉండె. మనిషి కానరాలె."

అంతే మాకు తెలిసింది. ఆ తరువాత ఇన్నేళ్లలో ఇంకేమీ తెలియలేదు. సమాధి లేదు, కాగితం లేదు. మామా కుటుంబం క్షేమంగా ఉందని విన్నాను, ఆమె మాత్రం నా గురించి ఎన్నడూ అడిగించలేదు.

ఇండియా వచ్చాక నర్సాపురం వెళ్లి కరుణమ్మక్క సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నాను. అక్క ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. ఒకసారి ఒక బోధకుడు, నిన్ను రక్షించుకోవడానికే దేవుడు నీ భర్తను తీసుకున్నాడు అన్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. దయచేసి ఆ మాట నాకు ఎవరూ చెప్పకండి. ఆయనను దేవుడు తీసుకోలేదు, మనుషులు తీసుకున్నారు. దేవుడు ఏం చేశాడంటే, వెళ్లిపోగలిగిన ఒక మనిషిని వెళ్లకుండా ఆపి, నా వెనక నిలబెట్టాడు.

నా చేదు పోయిందని నేను అబద్ధం చెప్పను. సెప్టెంబరు వస్తే నా కూతురు పుట్టినరోజుకు పాయసం వండుతూ ఏడుస్తాను, ఏడుస్తూనే స్తోత్రం చెబుతాను, రెండూ ఆయన వింటాడు. భయంతో చచ్చిపోతున్న తల్లి ఎవరైనా ఇక్కడుంటే, ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. నొప్పిలో ఊపిరి ఎలా వదలాలో నేర్పుతాను, మీ రోజు వచ్చినప్పుడు పిలిస్తే వచ్చి కూర్చుంటాను. ప్రభువును నమ్మండి. అడిగినవన్నీ ఇస్తాడని నేను మాట ఇవ్వలేను. మన దగ్గరినుంచి మాత్రం ఆయన లేచి వెళ్లిపోడు.