కాలికి తెలియని నిప్పు

కళ్ళజోడు మార్చుకుందామని వెళ్ళినవాడికి షుగరు అంటగట్టి పంపారు.

నేను విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో పనిచేస్తాను. కాపురం కోవిల్‌పట్టిలో. రోజూ బస్సులో వెళ్ళిరావడం. మినుములో కందులో అరచేతిలో పోసుకుని, రెండు గింజలు పంటికింద వేసి, సరుకు ఎంత ఎండిందో, ఏ ధర పలుకుతుందో చెప్పడం నా పని. ఆ మధ్య మినుముల్లో పుచ్చు నా కంటికి ఆనకుండా పోయింది. యజమాని మొహం మాడ్చుకున్నాడు. నేను కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసి, జోడు మాట ఎత్తకుండా, "ముందు రక్తం చూపించండి" అన్నాడు. ఆ 'ముందు' అన్న మాట నాకు అప్పుడే నచ్చలేదు.

రక్తంలో షుగరు తేలాక వెళ్ళిన విరుదునగర్ డాక్టరమ్మకి మా పెద్దమ్మాయి వయసుంటుంది. తమిళంలో మెల్లగా మాట్లాడుతుంది. అంత మెల్లగా మాట్లాడేవాళ్ళంటే నాకు గుబులు. కాళ్ళు బల్లమీద చాపించి కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాన్ దారం ఒకటి అరికాళ్ళ మీద అక్కడక్కడ ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. నేను పిల్లవాడిలా "ఆఁ, ఆఁ" అంటూ పోయాను. ఉన్నట్టుండి ఆమె ఏమీ చేయడం లేదనిపించి కళ్ళు తెరిచాను. దారం నా ఎడమ బొటనవేలి కింద వంగి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో నాకు తెలియలేదు.

"షుగరు మాత్రలతో దిగుతుంది. కాలు పోతే రాదు" అంది. "ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. నొప్పి పుడితే రండి. పుట్టకపోయినా రండి."

సాయంత్రం బస్సులో కూర్చుని చెప్పుల్లోపల వేళ్ళు కదిపి చూసుకుంటూనే ఉన్నాను. సాత్తూరులో టపాకాయల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళ చేతులకు ఇంకా వెండిరంగు మందుపొడి మెరుస్తోంది. బస్సు కదలబోతుంటే వెంబకోట్టై వైపునుంచి ఒక్క చప్పుడు. పెద్దదేమీ కాదు. కానీ బస్సులో మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అందరూ కిటికీల్లోంచి పొగకోసం చూశారు. తర్వాత అందరూ ఫోన్లు తీశారు. రాళ్ళ క్వారీలో మందు పేల్చారని ఎవరో చెప్పాక గానీ ఎవరూ గాలి పీల్చుకోలేదు. ఆ పూట నేను కూడా అలాగే ఊపిరి బిగబట్టుకుని ఇల్లు చేరాను.

మా పుట్టినూరు కోవిల్‌పట్టికి అవతల నల్లరేగడి పల్లె. ఎప్పుడో పూర్వం తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలు అక్కడ. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పొలం మా అక్క చేస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ పోయాక కూడా సజ్జ, మినుము, పత్తి ఒక్కతే చూసుకుంటోంది. ఫోన్లో సంగతి చెప్పగానే నామీదే విరుచుకుపడింది.

"సుగరా? మన వంశంలో యెవురికీ లేదేరా! ఆ విరుదునగరు నీల్లు రొంబ సెడ్డవని నేను అప్పుడే సెప్పలా?"

"నీళ్ళదేముందక్కా. నువ్వు కూడా ఒకసారి రక్తం చూపించుకో."

"నాకేమిరా? నేను బూమి దున్నేదాన్ని. నీ మాదిరి కూకోని పప్పులు కొరుకుతాండానా?"

ఆ వారమే బస్సు కండక్టరు చేత తాటిబెల్లం పంపింది. మా పక్క దాన్ని కరుపట్టి అంటారు. తాటిచెట్టుది కాబట్టి అది చక్కెర లెక్కలోకి రాదని, పైగా మందని మావాళ్ళ నమ్మకం. నేను చదువుకున్నవాణ్ణే. అయినా నోరు తీపికి మొహంవాచి ఉందేమో, ఆ నమ్మకం భలే రుచించింది. పొద్దున ఒక కరుపట్టి కాఫీ, సాయంత్రం ఒకటి. మా ఆవిడ గ్లాసు ముందర పెడుతూ "మీ అక్క మందు" అనేది, పెదవి విరిచి. తర్వాతి పరీక్షలో షుగరు ఎక్కి కూర్చుంది. డాక్టరమ్మ ఏం తింటున్నారో చెప్పమని అడిగితే, ముందు ఇడ్లీ, దోసె అని లెక్క చెప్పి, చివర్న కరుపట్టి అన్నాను. చెప్పాక ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. మందుచీటీ మీద ఇంకో మాత్ర రాసింది.

ఆరోజునుంచి బుద్ధి వచ్చింది. చిన్న కంచం, దాంట్లో సగం కూరలు, అన్నం పిడికెడు. మా ఆవిడ వడ్డించే గరిటె వంక నేను కోర్టులో ముద్దాయిలా చూసేవాణ్ణి. ఇంకో గరిటె వెయ్యమని అరిచేవాణ్ణి. వేయబోతే ఎందుకు వేస్తున్నావని అరిచేవాణ్ణి. పొద్దున్నే రైల్వే స్టేషన్ వైపు నడక. కోవిల్‌పట్టిలో నడవడమంటే మాటలా? ఊరంతా పల్లీపట్టీలు చేసే ఊరు. ఎటు తిరిగినా బెల్లంపాకం వాసన. ముక్కు మూసుకుని తలవంచుకుని నడిచేవాణ్ణి. ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుని, గడ్డం గీసుకునే అద్దం నేలమీద పెట్టి అరికాళ్ళు చూసుకునేవాణ్ణి. యాభై దాటాక నా అరికాళ్ళతో నాకు కొత్తగా పరిచయమైంది. ఒక ఎర్రమచ్చ కనబడితే దాన్ని నొక్కి, నొప్పి పుట్టినందుకు సంతోషించిన రోజులున్నాయి.

సంక్రాంతి వచ్చే తై నెల దాటేసరికి షుగరు దిగింది. డాక్టరమ్మ మొదటిసారి "బాగుంది" అంది. ఉబ్బితబ్బిబ్బై అక్కకు ఫోన్ చేశాను.

"దిగింది కదా? మారియమ్మ మాట తప్పదు" అంది. "అయితే పంగుని పొంగలికి నువ్వు గుండం తొక్కాల. నేను మొక్కుకోనుండా."

ఎండలు ముదిరే పంగుని నెలలో మా ఊరి మారియమ్మకు పొంగలి. మొక్కున్నవాళ్ళు ముంజేతికి పసుపుతాడు కట్టుకుంటారు. దాన్ని కాప్పు అంటారు. అది కట్టుకున్నాక చెప్పులు వేయకూడదు, ఒంటిపూట తినాలి, విప్పేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. పొంగలినాడు నిప్పుల గుండంలో నడవాలి. ఆ తర్వాత కొన్నాళ్ళకు గానీ కాప్పు విప్పరు. అక్క ఏటా నడుస్తుంది. నా చిన్నప్పుడు నాకు విషజ్వరం వస్తే మొదలుపెట్టిన మొక్కు అది. మా ఊళ్ళో అక్కకున్న గౌరవం సర్పంచికి కూడా లేదు. అందరూ నిప్పుల మీద పరుగెడితే అక్క ఒక్కతే నిదానంగా నడుస్తుంది. అమ్మ చేతుల మీద మోసుకుపోతుందని చెప్పుకుంటారు. జబ్బు పిల్లల్ని తెచ్చి అక్క కాళ్ళ దగ్గర పడుకోబెడతారు.

నేను తొక్కనన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. మొదట మెల్లగా చెప్పాను, తర్వాత నా అలవాటు ప్రకారం అరిచాను. "నా కాళ్ళు నాకు కావాలి" అన్నాను.

ఫోన్లో కోళ్ళ అరుపు వినబడుతోంది.

"సరే. బయపడేవాన్ని అమ్మ అడగదు. రక్తసంబందం ఉండేవాల్లు మొక్కు తీర్సచ్చని పూజారి అన్నాడు. నాది ఒకతూరి, నీది ఒకతూరి. నేనే రెండుతూర్లు తొక్కుతా. నాకేమి, కాలికి తెలిసేదే లేదు."

ఆ చివరి మాట నేను చెవిన పెట్టుకోలేదు. గండం గడిచిందనుకున్నాను. మా ఆవిడ మాత్రం "వదినెకి మీకంటే పదేళ్ళు ఎక్కువ కదా" అంది, ఏదో ఆలోచిస్తూ.

పొంగలినాడు మధ్యాహ్నం ఊరికి వెళ్ళాం. గుడి ముందు చింతకట్టెలు కాలి కణకణలాడుతున్నాయి. వాటి మీద గాలి వణుకుతోంది. డప్పులు చెవుల్ని బద్దలు కొడుతున్నాయి. తడిసిన పసుపుచీరల్లో వరసలో నిలబడ్డవాళ్ళలో అక్క ముందుంది. వారాల తరబడి చెప్పుల్లేని కాళ్ళు, దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. నా పాదాలకు బూట్లు. గుడికి దూరంగా, కానుగచెట్టు కింద నిలబడి చూస్తున్నాను.

మొదట కుర్రవాళ్ళు దిగారు. అందరూ మునివేళ్ళ మీద, దబదబా దాటేశారు. గట్టెక్కగానే ఒక్కొక్కడి మొహం నొప్పితో ముడుచుకుంది. తర్వాత అక్క దిగింది. చేతిలో వేపరెమ్మలు, కళ్ళు సగం మూసి, ఇంటి వసారాలో నడిచినట్టు నడిచింది. జనం "తాయే! తల్లీ!" అని కేక పెట్టారు. అక్క ఒంట్లో ఒక్క నరం అదరలేదు. అటు చేరి, తిరిగొచ్చి, నా మొక్కు కోసం మళ్ళీ దిగింది. ఈసారి ఇంకా నిదానంగా.

చిన్నప్పటి నుంచి ఈ నడక చూసి చేతులు జోడించినవాణ్ణి. ఆరోజు చేతులు లేవలేదు. నా చిన్నప్పుడు అక్క కూడా అందరిలాగే పరుగెత్తేదని గుర్తొచ్చింది. గట్టెక్కాక నా భుజం పట్టుకుని "అమ్మా" అని మూలిగేది. మూలుగు ఎప్పుడు ఆగింది? పరుగు ఎప్పుడు నడకైంది? కొన్నేళ్ళుగా, కొద్దికొద్దిగా. మేమంతా అది మహిమ అనుకున్నాం. పరుగెత్తి ఆపుదామనుకున్నాను. అప్పటికే ఆమె నిప్పుల నడిమధ్యలో ఉంది.

గట్టెక్కినవాళ్ళ కాళ్ళ మీద అయినవాళ్ళు పసుపునీళ్ళు పోయాలి. చెంబు నేనే అందుకున్నాను. అక్క అరుగు మీద కూర్చుని, పొంగలికుండ ఎవరు దించాలో ఎవరికో పురమాయిస్తోంది. కుడికాలు ఎత్తి నీళ్ళు పోశాను. దుమ్ము కొట్టుకుపోయాక, మడమలో సర్కారుతుమ్మ ముల్లు విరిగి, లోపలికంటా దిగి కనబడింది. చుట్టూ తోలు తెల్లగా ఉడికిపోయి ఉంది. చిటికెనవేలి కింద పుండు, గుంటపడి. నీళ్ళు నల్లగా కారాయి. చేత్తో ముల్లు కదిపాను. అక్క మాట ఆపలేదు.

"లే, ఇప్పుడే విరుదునగర్ పోదాం" అన్నాను.

"కాప్పు విప్పే దాకా పొలిమేర దాటకూడదని తెలవదారా నీకు?"

"కాలు కుళ్ళిపోతోంది అక్కా!"

"నొప్పే లేదే. కుల్లిపొయ్యేదానికి నొప్పి ఉండదా?"

అరిచాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. సిగ్గులేదు చెప్పుకోవడానికి. పూజారి కాళ్ళు పట్టుకుంటే, నియమం తప్పితే ఊరికే అరిష్టమని ఆయన తప్పుకున్నాడు. కాప్పు విప్పడానికి ఇంకా రోజులున్నాయి. పల్లెలోనే ఉండిపోయి, రోజూ నా మాత్రలు నేను మింగుతూ, అక్క కాలు కడిగి కట్టు కడుతూ కూర్చున్నాను. చిటికెనవేలు మొదట ఎర్రబడింది. తర్వాత నీలంగా మారింది. అక్క దర్శనానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక తల్లి చంటిబిడ్డను తెచ్చి ఆ కట్టు కట్టిన పాదం పక్కన పడుకోబెట్టింది. ఇంట్లో ఒక రకమైన వాసన మొదలైంది. అది కరుపట్టి మూటదని అక్క అనేది.

కాప్పు విప్పిన పొద్దునే కారు మాట్లాడి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కట్టు విప్పి, ఒక్క చూపు చూసి, రక్తం తీయించింది. ఆ అంకె చూసి తలుపు దగ్గరగా వేయించింది. అక్కకు కూడా నాలాగే కళ్ళు మూయించి దారంతో పరీక్ష చేసింది. అక్క కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. తగిలితే చెప్పమన్నారు కదా అని నోరు సిద్ధంగా పెట్టుకుని. ఎంతసేపైనా ఏమీ చెప్పలేదు. నేను గోడవైపు తిరిగాను.

డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. షుగరు చాలా ఏళ్ళనుంచి ఉండి ఉంటుంది. పాదాల్లో నరాలు చచ్చిపోయాయి. అందుకే ముల్లు దిగినా తెలియలేదు, కాలినా తెలియలేదు. వేలు ఈరోజే తీసేయాలి. పాదం నిలుస్తుందో లేదో రేపు గానీ చెప్పలేను. దగ్గరివాళ్ళు ఒప్పుకోవాలి.

అక్కకు తమిళం నాకంటే బాగా వచ్చు. ప్రతి మాటా వింది. వేలివంక చూడలేదు. కట్టుగుడ్డవంక చూడలేదు. నావైపు తిరిగి, మా ఇంటి మాటలో, ఆ గదిలో ఇంకెవరికీ అర్థంకాని మాటలో అడిగింది.

"అయితే ఇన్నేండ్లూ నన్ను మోసింది అమ్మ కాదారా?"

అక్క నా మొహంలోకే చూస్తోంది, చిన్నపిల్లలాగా. మోసింది అని చెప్పొచ్చు. కాదని చెప్పొచ్చు.

"ఏమంటున్నారు?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

వేలు తీస్తే నొప్పి పుడుతుందా అని అడుగుతోందని చెప్పాను.