ముప్పై తొమ్మిది వారాల నిబంధన

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, హైటెక్ సిటీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నవజాత శిశు విభాగం అధిపతిగా చేరాను. సగం రోజు వార్డులో, సగం రోజు పరిశోధనలో గడిచే ఉద్యోగం. పుట్టిన బిడ్డను చూసి, తల్లి కడుపులో ఎన్ని వారాలు ఉందో తేల్చడం నా పరిశోధన విషయం. పాదం మీద గీతలు, చెవి గట్టిదనం, చర్మం, ఒంటి బిగువు చూసి మార్కులు వేస్తే వారాల లెక్క దాదాపుగా తెలుస్తుంది. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన పిల్లలకు ఇది ఎంతవరకు సరిపోతుందో చూడటంలోనే నా జీవితం గడిచింది.

అక్కడ నేను ఎక్కువగా వైద్యం చేసిన జబ్బు ముహూర్తం. రాయదుర్గం ఐటీ టవర్లలో పనిచేసే దంపతులు పంతులుగారు వాట్సాప్‌లో పంపిన ఘడియకు సిజేరియన్ పెట్టించుకునేవారు. ఘడియ ముందుగా ఉంటే బిడ్డా ముందుగానే రావాలి. అలా తొందరపడి వచ్చిన పిల్లలు ఊపిరి అందక మా విభాగానికి చేరేవారు. అందుకని యాజమాన్యంతో పోరాడి ఒక నిబంధన పెట్టించాను. ముప్పై తొమ్మిది వారాలు నిండందే ముహూర్తం ఆపరేషన్ చేయకూడదు. ఫైలు చూసి నేను సంతకం పెట్టాలి. నిబంధన పెట్టాక ఏం మారిందో అధ్యయనం కూడా మొదలుపెట్టాను. తొందరపాటు ప్రసవాలు కాగితం మీద దాదాపు మాయమయ్యాయి. ఊపిరి ఇబ్బందితో వచ్చే పిల్లలు మాత్రం అంతగా తగ్గలేదు. దానికి నాలుగు గొప్ప కారణాలు ఆలోచించి పెట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో ప్రణతి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఆమె, భర్త శ్రీకర్ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కోస్తా వాళ్లు. ఏడో నెల దాకా పుట్టింటి ఊళ్లో చూపించుకుని, తర్వాత మా గైనకాలజిస్టు దగ్గరికి మారింది. ఫైలు మీద శ్రీకర్ తయారుచేసిన ఎక్సెల్ షీట్ ఉంది. వారం వారం బరువు, బీపీ, మందులు, రంగురంగుల గడుల్లో. ముహూర్తం నాటికి సరిగ్గా ముప్పై తొమ్మిది వారాలు, సున్నా రోజులు. ఇంత శ్రద్ధ గల తండ్రిని చూడలేదని మెచ్చుకుని మరీ సంతకం పెట్టాను.

ఉదయం పది గంటల పద్దెనిమిది నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. పావుగంటకు మూలగడం మొదలుపెట్టింది. సిజేరియన్ పిల్లలకు ఊపిరితిత్తుల్లో కొంత నీరు మిగిలి ఇలా అవడం మామూలే. నెలలు నిండిన బిడ్డ అయితే కొన్ని గంటల్లో తనే సర్దుకుంటుంది. ముప్పై తొమ్మిది వారాల బిడ్డే కదా అని, కాస్త ఆక్సిజన్ పెట్టి వేచి చూద్దామన్నాను. ఈలోగా బిడ్డ నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి, పుట్టిన టైము నిమిషాలతో సహా రాసివ్వండి డాక్టరుగారూ అని అడిగారు. రాసిచ్చాను. ఆ ఫైలు మొత్తంలో నికరమైన అంకె అదొక్కటే అని అప్పటికి నాకు తెలియదు.

రెండు గంటలు గడిచినా మూలుగు తగ్గకపోగా, ఆక్సిజన్ పెంచాల్సి వచ్చింది. మా సీనియర్ నర్సు యాదమ్మది బోరబండ. విభాగం తెరిచిన రోజు నుంచీ అక్కడే ఉంది. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

“మేడం, గీ పాపకు ముప్పై తొమ్మిది వారాలు యాడివి? జర పాదాలు చూడుండ్రి. గీతలే లెవ్వు.”

చూశాను. వేళ్ల వైపు రెండు మూడు గీతలు తప్ప పాదమంతా నున్నగా ఉంది. మడిచిన చెవి, నెలలు నిండిన బిడ్డలా చటుక్కున లేవకుండా, నింపాదిగా వెనక్కి వచ్చింది. ఏళ్ల తరబడి జూనియర్లకు ఇదే పాఠం చెప్పిన దాన్ని, నా ముందున్న బిడ్డ పాదం తిప్పి చూడలేదు. ఫైలు ఆఖరి పేజీ తీశాను. పుట్టింటి ఊళ్లో మూడో నెలలో తీసిన స్కాన్ అక్కడే ఉంది. ప్రణతికి నెలసరి సరిగా వచ్చేది కాదు. అలాంటప్పుడు చివరి నెలసరి తేదీ నుంచి వేసే లెక్క తప్పుతుంది, తొలి స్కానే ప్రమాణం. దాని ప్రకారం బిడ్డ వయసు ముప్పై ఆరు వారాలే.

అంటే ఇది నీటి సమస్య కాదు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా లోపల ఒక జిగురు పూత ఉండాలి, దాన్ని సర్ఫాక్టెంట్ అంటాం. అది ఈ బిడ్డకు ఇంకా చాలినంత తయారు కాలేదు. గొట్టం వేసి ఆ పూతనే మందుగా పోసి, వెంటిలేటర్ పెట్టాం. రెండు గంటల ముందే చేయాల్సిన పని. తర్వాతి రెండు రోజులూ నాకు భయంగానే గడిచాయి.

ఈ మూడు వారాల తేడా ఏమిటని శ్రీకర్‌ను అడిగితే అమాయకంగా చెప్పాడు.

“ఫార్ములా కరెక్టేనండి మేడమ్. రెండు తేదీలూ పెట్టి చూశాం. స్కాన్ తేదీ పెడితే మీ రూల్‌కి సరిపోలేదండి. నెలసరి తేదీకి సరిపోయింది, అదే ఉంచాం.”

పంతులుగారు ఘడియ ఇచ్చారు, శ్రీకర్ తేదీ ఎంచుకున్నాడు, గైనకాలజిస్టు షీట్‌ను నమ్మింది, నేను సంతకం పెట్టాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. కాకపోతే ఇక్కడ నా పిడికిలి అందరికన్నా పెద్దది.

మూడో రోజు గొట్టం తీశాం. ప్రణతి చక్రాల కుర్చీలో వచ్చి బిడ్డను చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది.

“ఫైలు మీరు చూశాకే కదండీ సంతకం పెట్టారు?”

“సంతకం పెట్టానమ్మా. ఆఖరి పేజీ చూడలేదు,” అన్నాను. ఆమె మళ్లీ బిడ్డ వైపు తిరిగింది.

బిడ్డ పన్నెండో రోజున క్షేమంగా ఇంటికి వెళ్లింది. నేను నిబంధన పెట్టినప్పటి నుంచి వచ్చిన ముహూర్తం ఫైళ్లన్నీ తెప్పించుకుని, వెనక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ముప్పై తొమ్మిది వారాలు, సున్నా రోజులు అన్న అంకె ఎన్నిసార్లు ఎదురైందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అన్నిటి మీదా నా సంతకమే. పత్రికకు పంపబోతున్న అధ్యయనాన్ని ఆపేశాను. నాలుగు గొప్ప కారణాల అవసరం కూడా తీరిపోయింది.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇది: నిబంధన పెట్టినవాళ్లకు అది అమలవుతోందని నమ్మాలన్న తొందర అందరికన్నా ఎక్కువ. అందుకే తనిఖీ వాళ్ల చేతిలో ఉండకూడదు. ఫారం మార్పించాను. తొలి స్కాన్ కాగితం ఫైలులో అన్నిటికన్నా పైన ఉండాలి. నా సంతకం కన్నా ముందు యాదమ్మ సంతకం పడాలి. మొదటి నెలలోనే ఆమె రెండు ఫైళ్లు తిప్పి పంపింది. వాటిలో ఒకదానికి నేను అప్పటికే ఫోన్లో సరే అనేశాను.