మేస్త్రి బిగించిన రేకు

పోయిన మంగళవారం పత్తికొండ నుంచి వచ్చిన లారీ డ్రైవరు మా బండల గని దగ్గర దిగుతూనే చెప్పాడు. "జీపుల మేస్త్రి పోయినాడప్పా. మొన్న పొద్దున. గుండెనొప్పంట." నాకు ముందు దుఃఖం రాలేదు. ఇక ఎవరికీ తెలియదులే అన్న ఊరట కలిగింది. ఆ ఊరటకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపునొకదాన్ని మా నాయన కొన్నాడు. బేతంచెర్ల స్టేషను దగ్గర ఒక షెడ్డులో మేస్త్రి బండ్లు బాగుచేసేవాడు. యుద్ధకాలంలో పటాలం వర్కుషాపులో పనిచేసి వచ్చిన మనిషి. కొత్త టాపు, రెండు పెద్ద లైట్లు, నాలుగు వీధులకు వినబడే హారను కావాలన్నాను. ఆయన బీడీ చెవి మీద పెట్టుకుని, గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరాడు. ఏ బండి వచ్చినా ముందు కింద పడుకుని చూడటం ఆయన అలవాటు. అక్కడినుంచే అడిగాడు.

"యాడికి పోతావప్పా దీంట్లో?"

"గనికి. ఇంగ యాడికి?"

"అట్లయితే హారను తర్వాత. ఆ దావలో అన్నీ మొనదేలిన రాళ్ళే. ఆయిల్ చాంబరు కింద రేకు ఎయ్యాల, చాంబరు పగిలితే ఇంజను పట్టేస్తాది. ఇరుక్కుంటే లాగేదానికి ముందొక కొక్కెం, ఎనకొక కొక్కెం. బరువు మోసే కమాన్లకు ఒక్కో పట్టా ఎక్కువ. అన్నీ పాత ఇనుముతోనే అయితాయి, శానా ఖర్చుండదు."

"అవేవీ కనపడవు గదా మేస్త్రీ?"

"పైన ఏముండాదో మనుషులు చూస్తారు. రాయి కిందనే చూస్తాది."

విరిగిన లారీ చట్రంలోంచి కోసిన మందపాటి రేకును రెండు రోజులు కొట్టి వంచి, నాలుగు బోల్టులతో బిగించాడు. ఆయిల్ దించుకోవడానికి మధ్యలో రంధ్రం పెట్టడం కూడా మరవలేదు. విప్పిన ప్రతి మరనూ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, వరసగా గుడ్డ మీద పేర్చేవాడు. పరాయివాళ్ళ వస్తువును అంత మర్యాదగా ముట్టుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ రేకుతో జీపు గోచీ పెట్టుకున్నట్టుందని స్నేహితులు నవ్వారు. నాకు పిల్లను చూడటానికి వేంపల్లెకు పోయే ముందురోజు నేనే పానా పట్టుకుని నాలుగు బోల్టులూ విప్పి, రేకును పశువుల కొట్టంలో పడేశాను. తిరిగొచ్చాక బిగించలేదు.

నెల తిరక్కుండానే గనిలో బండ జారి ఒక పనివాడి కాలిమీద పడింది. జీపు వెనక పడుకోబెట్టాం. అతని తలను భార్య ఒళ్ళో పెట్టుకుంది. దావలో ఎండిపోయిన వంకలోకి దిగేటప్పుడు కింద ఠంగుమని చప్పుడైంది. కొంతదూరం పోయేసరికి ఇసుకమీద నల్లగా ఆయిలు పరుచుకుంది. ఇంజను పట్టేసింది. ఎద్దులబండి తెప్పించి, రోడ్డు చేరి, లారీ పట్టుకుని కర్నూలు ఆసుపత్రికి పోయేసరికి పొద్దు గూకింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదన్నారు. మోకాలి పైకి తీసేశారు.

మర్నాడు వంక దగ్గర జనం చేరారు. మేస్త్రిని పిలిపించారు. మా నాయన నన్ను అడిగాడు. "రేకు ఏమాయరా?"

"ఊడిపోయింటాది నాయనా. మేస్త్రి సరిగ్గా బిగించలేదు" అన్నాను. అంత సులువుగా అబద్ధం వచ్చింది నా నోటికి.

మేస్త్రి అప్పటికే జీపు కింద ఉన్నాడు. ఊడిపోయిన బోల్టయితే రంధ్రం అంచులు అరిగి ఉంటాయి. అక్కడ ఏ అరుగుదలా లేదు. ఆయన లేచి, దుమ్ము దులుపుకుని నావైపు చూశాడు. నేను నోరు తెరుస్తానేమోనని కాసేపు ఆగాడు. నేను తెరవలేదు. మా నాయన పదిమందిలో ఆయన్ను నానా మాటలన్నాడు.

"అట్లే అనుకోండప్పా" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత షెడ్డుకు బండ్లు రావడం తగ్గిపోయింది. పత్తికొండకు మకాం మార్చేముందు ఒకరోజు మా ఇంటికి ఇంకో రేకు మోసుకొచ్చాడు. పిలవకుండానే జీపు కింద పడుకుని, మధ్యాహ్నం దాకా కొట్టాడు. లేచి, "ఈసారి రివిట్లు కొట్టినా. పానాకు రావు" అన్నాడు. నీళ్ళిస్తే తాగి పోయాడు. తర్వాత రెండుసార్లు పత్తికొండలో ఆయన షెడ్డు ముందునుంచే పోయాను. దిగే ధైర్యం రాలేదు.

మొన్న వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "గనోళ్ళ పిల్లోడు గదూ? నీ జీపు ఎట్లుండాదో అని ఆయన అడుగుతాండె నాయనా" అంది. ఆమెకు నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఈ కాగితాలు తీసుకుపోయి ఆమెకు నేనే చదివి వినిపించాలి.

ఆరోజు వాళ్ళింటినుంచి నేరుగా గనికి వచ్చాను. కాలు పోయిన మనిషి ఇప్పుడు కూర్చుని బండల అంచులు చెక్కుతుంటాడు. పక్కన కూర్చుని, పానా పట్టింది మొదలు జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"ఆయప్పకు చెప్పినావా ఈ మాట?" అన్నాడు.

"లేదు."

ఉలి మొనను బొటనవేలితో తడుముతూ అన్నాడు. "ఊరిడిసి పోయేనాడు స్టేషను కాడ నన్ను పలకరించినాడు. కాలెట్లుండాదప్పా అన్న్యాడు. నేను ముఖం తిప్పుకుంటి."

ఉలి కింద పెట్టేశాడు. సగం చెక్కిన బండమీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని, అట్లాగే ఉండిపోయాడు.