తూర్పింటాయన మోసిన తోలు

నా చిన్నప్పుడు నేను మొదలుపెట్టిన మొదటి పుస్తకం కక్షతో నిండింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఎవరైనా పలకరిస్తే స్తంభం వెనక్కి తప్పుకునేదాన్ని. నోటితో అనలేనివన్నీ కాగితం మీద పెట్టడం ఆ ఏడే అలవాటైంది.

మా ఊరు కొల్లేటి ఒడ్డున, దెందులూరుకు దిగువన. ఇంట్లో పశువుల దొడ్డి మా మామ్మది, అంటే నాన్నగారి అమ్మది. ఆ ఆషాఢంలో మా గేదె ఈని నాలుగు రోజులైందో లేదో, కట్టు తెంచుకుని పోయి తూర్పింటాయన నారుమడిలో మూతి పెట్టింది. ఆయన మా పొరుగాయన, పెద్ద ఆసామి. ఒక్క కేకేస్తే మేమే వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆయన కేకెయ్యలేదు. చేలో పడ్డ పశువులను కట్టేసే పక్క ఊరి బందెలదొడ్డికి దాన్ని పంపేశాడు. మాకు ఆ సంగతి పొద్దుగూకితే గాని తెలియలేదు.

“ఇంటి దగ్గర పసిదూడ ఉందండీ, ఒక్క మాట చెప్పి విడిపించండి” అని నాన్నగారు ఆయన గుమ్మంలో నిలబడి అడిగితే, “ఆ మాట మీ గేదెకు చెప్పవలసిందండీ, నారు మెయ్యకముందు” అన్నాడట.

వాన పట్టుకుంది. దారిలో కాలవ పొంగింది. మేకపాలలో గుడ్డ ముంచి నోట్లో పెట్టినా దూడ మింగలేదు. గేదె ఇల్లు చేరేసరికి రెండు రోజులు గడిచాయి. దూడ ఆ పొద్దున్నే పోయింది. వాకిట్లోకి వస్తూనే ఆ గేదె అరిచిన అరుపు ఊరంతా విన్నది.

ఎదుట దూడ లేకపోతే గేదె చేపదు, అంటే పాలు దించదు. అందుకని మామ్మ దూడ తోలు తీయించి, ఉప్పు పట్టించి, గడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టింది. నుదుటి మీద దాని తెల్లచుక్క అలాగే ఉంది. గేదె ఆ తోలుదూడను నాకుతూ పాలిచ్చేది. నేను చూడలేక లోపలికి పోయి పుస్తకం తెరిచాను.

తూర్పింటాయనకు ఉన్న జీవాలన్నీ వరసగా రాశాను. పాడికి గేదె, దుక్కికి ఎడ్లు, మందగా గొర్రెలూ మేకలూ, కోసిన చేలల్లో తిప్పే బాతులు, గంప కింద కోళ్ళు. ఒక్కొక్క దానికి ఎదురుగా కొంత చోటు వదిలాను. ఆ చోటు నింపడానికి ఏమీ ఎరగనట్టు మామ్మ వెంట తిరుగుతూ అడిగేదాన్ని. మామ్మ ఓపిగ్గా చెప్పేది. పాడిగేదెను బెదరనివ్వకూడదు. ఎడ్లకు కాడి ఒరుసుకోకుండా మెడ చూసుకోవాలి. గొర్రెలను తడి నేల మీద ఉంచితే గిట్టలు చెడతాయి. మేకకు మంచుతో తడిసిన లేత గడ్డి పెడితే కడుపు ఉబ్బుతుంది. బాతుల మంద చెదిరితే గుడ్లు మానేస్తాయి. ఒక కోడికి తెగులొస్తే మిగతావాటిని వేరు చెయ్యాలి, లేకపోతే గంపంతా ఖాళీ. ఆవిడ వాటిని బతికించే విధం చెబుతుంటే నేను చంపే విధం రాసుకున్నాను.

“ఎప్పటినించే నీకింత శ్రద్ధ?” అంది ఒకనాడు.

“బళ్ళో పంతులమ్మగారు రాసుకురమ్మన్నారు” అన్నాను.

మామ్మకు చదువు రాదు. నా మొహం మాత్రం కాసేపు చూసింది.

ఆ పుస్తకంతో పని లేకుండానే, పన్నెండు రోజులకు తూర్పింటాయన గేదె పెయ్యదూడను ఈని ఆ పూటే చచ్చిపోయింది. ఆ దొడ్లో పాలిచ్చే గేదె ఇంకొకటి లేదు. సాయంత్రం ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు.

“వదినగారూ, పెయ్య నిలబడలేకపోతోందండీ. మీ గేదె కింద విడిస్తే…”

“పరాయి దూడను తంతుందండీ మరిదిగారూ. మా దూడ తోలు కప్పితే, వాసన చూసి రానిస్తుందేమో. పొద్దున్నే తీసుకురండి” అంది మామ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా దూడ పోయింది, ఆయన దూడ కూడా పోవాలి. దీపాలు పెట్టే వేళ తోలుదూడను ఈడ్చుకెళ్ళి గడ్డివాములో దూర్చేశాను.

మర్నాడు పాలవేళకు తోలుదూడ కనబడక మా గేదె గుంజ చుట్టూ తిరిగి అరిచింది. పొదుగు బిగిసిపోయింది. తపేలా తన్నేసింది. వాకిట్లోకి వచ్చిన నాటి అరుపే అది, ఈసారి నా వల్ల. మామ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చి “ఎక్కడ?” అంది. చూపించాను.

గడ్డి లాగుతూ అంది: “ఆయన చల్దన్నం తింటూ హాయిగా కూచున్నాడు. అరుస్తున్నది మనది. కక్ష మానమనడం లేదే, గురి చూసుకోమంటున్నాను.”

తూర్పింటాయన పెయ్యను మోయించుకుని వచ్చాడు. మామ్మ తోలులోని గడ్డి తీసి, తోలును తడిపి మెత్తబరిచి పెయ్య మీద కప్పింది. గేదె వాసన చూసి తాగనిచ్చింది.

“రేపటినించి పాలేరు తెస్తాడండీ” అన్నాడాయన.

“కుదరదండీ. పూటకో చెయ్యి మారితే గేదె బెదురుతుంది. మీరే తేవాలి, తోలు మీరే కప్పాలి, తాగినంతసేపూ మీరే పట్టుకోవాలి.”

రెండు పూటలా వచ్చాడు. శ్రావణం వానల్లో ఆ తోలు కంపు కొట్టేది. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకోబోతే, “రెండు చేతులా పట్టండి, జారుతోందండీ. తెల్లచుక్క పైకి రావాలి, అది మా దూడ నుదురు” అనేది మామ్మ, ఎంతో మర్యాదగా. దారిన పోయేవాళ్ళు ఆగి, “ఏవండీ, పైది వాళ్ళదీ లోపలిది మీదీనా?” అని అడిగి పోయేవారు. స్తంభం చాటునుంచి నేను ఒక్క పూటా వదలకుండా చూశాను. పెయ్య బలిసింది. దాని మీద నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆయన మీద పోలేదు.

నెల నిండినాక మామ్మ “ఇక తోలు అక్కర్లేదండీ” అంది. ఆయన కుడితితొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. “తప్పయిపోయిందండీ వదినగారూ” అన్నాడు, తలెత్తకుండా.

“ఏం తప్పండీ? మీ దూడ బతికింది కదా” అని మామ్మ లోపలికి వెళ్ళిపోయింది.

నిజానికి మా గేదె ఎవరి చేతినైనా రానిచ్చేది. అప్పుడప్పుడు నేనే పిండేదాన్ని. ఆ పెయ్యను అది ఎనిమిదో రోజునే, తోలు జారిపోయినా, తన దూడలాగే నాకింది. మామ్మా నేనూ ఇద్దరం చూశాం. ఇద్దరం ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు ఏలూరులో చదువుకుంటున్నాను. ఎవరైనా మాట విసిరితే ఈనాటికీ బదులు చెప్పలేను, రాత్రి డైరీలో వాళ్ళ పేరు రాసుకుంటాను. పేరుకు ఎదురుగా వాళ్ళు మొయ్యవలసినది మాత్రమే రాస్తాను; వాళ్ళ ఇంట్లోవాళ్ళనూ దొడ్లో జీవాలనూ అందులోకి తీసుకురాను. అంతవరకు మామ్మ దగ్గర నేర్చుకున్నాను. ఎనిమిదో రోజున ఆపాలా, నెల నిండేదాకా మోయించాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.