ఎక్కడ కాపురం పెట్టాలో అడగడానికి టేకులపల్లి వెళ్లిన రోజు

డేటా సెంటర్లో టెక్నీషియన్‌గా చేరేవాళ్లు ఏ ఊళ్లో, ఏ పేటలో ఉంటే మంచిదో ఈ బ్లాగులో ఇదివరకు కొన్ని టపాలు రాశాను. బెంగుళూరులో వైట్‌ఫీల్డ్ వైపు కిరాయిలు, చెన్నైలో నీళ్ల ట్యాంకర్ల కష్టం, హైదరాబాదులో షిఫ్టు దిగాక గచ్చిబౌలి నుంచి షేర్ ఆటో దొరికే చోట్లు, అన్నీ తిరిగి చూసి రాసినవే. అవి చదివినవాళ్లు ఇంకో ఊరి గురించి రాయమని వ్యాఖ్యల్లో అడుగుతూనే ఉన్నారు. ఈసారి నేను వెళ్లింది ఉద్యోగం ఉన్న ఊరికి కాదు. ఉద్యోగం ఏ ఊళ్లో చేయాలో నా భార్యను అడగడానికి వెళ్లాను.

మా కంపెనీ ముంబయి పక్కన పెద్ద డేటా సెంటర్ తెరుస్తోంది. అక్కడికి వెళ్తే షిఫ్టు ఇన్‌ఛార్జిని అవుతాను, దగ్గర్లోనే క్వార్టర్ కూడా ఇస్తారు. హైదరాబాదులోనే ఉంటానంటే ఇప్పుడు చేస్తున్న పనే. ర్యాకులకు సర్వర్లు బిగించడం, కేబుళ్లు లాగడం, పాడైన డిస్కులు మార్చడం. సోమవారానికల్లా ఏదో ఒకటి తేల్చమన్నారు. నా భార్య రూతు మాత్రం ఎండాకాలంలో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లి, ఇంకా అక్కడే ఉంది. మాకు పాప పుట్టింది. పుట్టినప్పుడు వెళ్లి ఒక్కసారి ఎత్తుకున్నాను. వానలు మొదలయ్యే రోజుల్లో జ్వరం వచ్చి, రాత్రికి రాత్రే ఎక్కువై, తెల్లారేసరికి పాప పోయింది. అప్పుడు నేను శిక్షణ కోసం బెంగుళూరులో ఉన్నాను. కబురు అందిన గంటలోనే బయలుదేరాను గానీ, నేను చేరేసరికి పాపను పూడ్చేశారు. ముసురు పట్టిన రోజున పసిబిడ్డను ఎంతసేపని ఉంచుతారు? వాళ్లను తప్పు పట్టలేను. ఆ రోజు ఊరికీ స్మశానానికీ మధ్య వాగు పొంగింది. ఆ తర్వాత ఆగస్టులో వెళ్లినప్పుడూ దాటనివ్వలేదు. అలా నా కూతురు ఎక్కడ పడుకుందో కూడా చూడకుండానే రెండుసార్లూ తిరిగి వచ్చాను.

ఎప్పుడు వస్తావని ఫోనులో అడిగితే, అన్నం తిన్నావా అని అడుగుతుంది రూతు. అందుకే నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగకు సెలవు పెట్టాను. ఆ రోజు మా క్రైస్తవ కుటుంబాలు తమ వాళ్ల సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేస్తారు. ముంబయి మాట కూడా అక్కడే అడగాలనుకున్నాను.

ఆ వైపు వెళ్లేవాళ్లకు దారి సులువే. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే పొద్దున్నే భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగుతారు. పేరు చూసి మోసపోవద్దు, అది కొత్తగూడెం. భద్రాచలం అక్కడి నుంచి బస్సులో ఇంకా గంట పైనే. ఆ పొద్దున కూడా ఒక ముసలి జంట ప్లాట్‌ఫారం మీద నిలబడి గుడి ఎటని అడిగితే, బస్టాండు దాకా తీసుకెళ్లి బస్సెక్కించాను. ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని ఇల్లెందు బస్సు ఎక్కాను. టేకులపల్లికి ముప్పై రూపాయలు తీసుకున్నారు. బొగ్గు లారీలు తగ్గి టేకు చెట్లు మొదలవుతాయి, మధ్యలో విచ్చిన పత్తి చేలు. ఇంకెప్పుడైనా అయితే కిటికీ పక్కన కూర్చుని బాగుందనుకునేవాణ్ని. ఆ రోజు బస్సు ఇంకాస్త నెమ్మదిగా పోతే బాగుండనిపించింది.

టేకులపల్లిలో దిగితే మా అత్తగారి ఊరికి షేర్ ఆటో, మనిషికి పది రూపాయలు. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి ఓ అరగంట చేతిలో పెట్టుకోండి. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి ఏం పని చేస్తానని అడిగాడు. కంప్యూటర్లు పెట్టే పెద్ద గదిని చూసుకుంటానని, అవి వేడెక్కకుండా పగలూ రాత్రీ చల్లగా ఉంచుతామని చెప్పాను. మనుషులకు లేని సుఖం వాటికుందని అతను నవ్వి, “ఏ ఊర్ల, అన్నా?” అన్నాడు. అదే ఇంకా తేలలేదన్నాను.

ఇంటి దగ్గర రూతు లేదు. పూల కోసం చేను వైపు వెళ్లిందని అత్తమ్మ చెప్పింది. ఫాదర్ గారు వచ్చేది మధ్యాహ్నం దాటాక. ఈలోపు నేను వెళ్లి సమాధి సిద్ధం చేస్తానన్నాను. రూతు వచ్చేసరికి అంతా తెల్లగా, శుభ్రంగా ఉండాలని నా ఆశ. తండ్రిగా నేను చేయగలిగింది ఇంకేం మిగిలింది? రూతుతో కలిసి పొమ్మని అత్తమ్మ రెండుసార్లు అంది. వినలేదు. వాగు దాటి ఇప్పచెట్టు కింద చూడమని, పసిపిల్లలందరికీ అక్కడే చోటని, పాపకు ఇంకా సిలువ నాటలేదని చెప్పి, బకెట్లో సున్నం కలిపి ఇచ్చింది. టేకులపల్లిలో కొన్న బంతిపూలూ కొవ్వొత్తులూ ఎలాగూ నా సంచిలో ఉన్నాయి.

వాగు పిక్కల లోతు కూడా లేదు. ఇంత నీళ్లేనా నన్ను ఆపాయనిపించింది. ఇప్పచెట్టు కింద చిన్న చిన్న మట్టి దిబ్బలు. కొన్నిటికి కర్ర సిలువలు, కొన్నిటికి నిలువు రాళ్లు. అడవి పల్లెల వాళ్లవీ మా వాళ్లవీ అక్కడ కలిసే ఉంటాయి. సిలువగానీ రాయిగానీ లేనిది ఒక్క దిబ్బే కనిపించింది. గడ్డి పీకి, చుట్టూ గులకరాళ్లు పేర్చి ఎంతో శుభ్రంగా ఉంది. దాని పక్కనే ఎవరో కంచె పీకి పారేసినట్టు ముళ్లకంప కుప్ప. శుభ్రంగా ఉన్నదే మా పాపది అనుకున్నాను. రూతు కాక ఇంత బాగా ఇంకెవరు చూసుకుంటారు? కూర్చుని చేత్తోనే సున్నం పూశాను, పూలు పెట్టాను. బెంగుళూరు నుంచి వచ్చిన రోజు కూడా ఏడవలేదు నేను. ఆ మట్టి మీద చెయ్యి పెట్టి అప్పుడు ఏడ్చాను.

కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ అడవిలోంచి వచ్చి నా వెనక ఆగింది. ముత్తమ్మ అని, ఆ పక్క గూడెం మనిషి. మా పెళ్లికి వచ్చి దీవించిన మనిషే. మోపు దించి పక్కన కూర్చుంది.

“అల్లుడా, అది మా పిలగానిది,” అంది మెల్లగా.

ముత్తమ్మ ముళ్లకంప వైపు చూపించింది. “నీ బిడ్డ గా కంప కింద ఉన్నది. కొత్త మట్టి గదా, నక్కలు తవ్వుతయి. గట్టిపడేదాక కంప గప్పుతం. రూతు వారం వారం కొత్త కంప కొట్టుకొస్తది. వానల గూడ వచ్చింది.”

చెత్త అనుకున్నది నా కూతురి సమాధి. తువ్వాలు తడిపి ఆ సున్నం తుడవబోయాను. ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఉండనియ్యి. మేం సున్నమెయ్యం గానీ, వేసినవ్ గదా, ఉండనియ్యి,” అని, పూలు చెదిరితే సర్దింది. ఆ పిలగాడికి ఎన్నేళ్లో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కాసేపటికి రూతు కొడవలితో వచ్చింది. చంకలో కొత్తగా కొట్టిన రేగు కంప. తెల్లగా మెరుస్తున్న పక్క దిబ్బనీ నన్నూ చూసింది. జరిగింది చెప్పాను. నవ్వలేదు, కోప్పడలేదు. వంగి పాత కంప ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అప్పుడు చూశాను తన చేతులు. మోచేతి దాకా గీతలే, మానినవి కొన్ని, పచ్చివి కొన్ని. కంప కింద దిబ్బ ఎంత చిన్నదంటే నా రెండు చేతుల్లో పట్టేంత. వానకు నడుమ కుంగిపోయింది. వాగు ఒడ్డు మట్టి తెచ్చి ఇద్దరం పూడ్చి, మిగిలిన సున్నం పూశాం. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి నీళ్లు చల్లారు. కొవ్వొత్తి గాలికి రెండుసార్లు ఆరితే రూతు కొంగు అడ్డం పెట్టింది. అందరూ వెళ్లాక, ఆ తెల్లటి సున్నం మీదే మళ్లీ కంప కప్పింది. ఈసారి నేనూ పట్టాను.

అక్కడే కూర్చుని ముంబయి సంగతి చెప్పాను. క్వార్టర్ గురించి, జీతం గురించి, కొత్త చోటికి పోతే మనసు కాస్త మళ్లుతుందేమో అని. రూతు చాలాసేపు వింది.

“మిషన్లకు జెర వేడైతే గంట మోగుతదంటివి గదా,” అంది.

“అవ్.”

“మనకేం మోగలే.”

కొవ్వొత్తి అయిపోవచ్చింది. అప్పుడు తనే మళ్లీ అంది. “నేనిప్పుడు రాను. ఇంకో వానకాలం పోవాలె, మట్టి గట్టిపడాలె. నువ్వు ఏ ఊర్లనన్నా ఉండు. గానీ కబురు జేస్తే, మట్టి వెయ్యకముందు వచ్చే ఊర్ల ఉండు.”

సాయంత్రం బస్సుకు కొత్తగూడెం వచ్చి, దిగగానే ఫోను చేసి మా మేనేజరుకు హైదరాబాదే అని చెప్పాను. మంచి అవకాశం పోగొట్టుకుంటున్నావన్నాడు. నిజమే కావచ్చు. ఇన్నాళ్లూ ఊళ్లను కరెంటు కోతతో, కిరాయితో, గది నుంచి డేటా సెంటరుకు ఎంత దూరమన్న లెక్కతో కొలిచాను. మనవాళ్ల దగ్గరికి ఎంతసేపట్లో చేరతామన్న కొలత నా టపాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. హైదరాబాదులో ఉన్నా ఆ రోజు అందుకునేవాణ్నో లేదో నాకు తెలియదు, ఆ బాధ ఏ ఊరు మారినా పోదు. ఇప్పుడు సికింద్రాబాదు స్టేషనుకు నడిచి పోగలిగేంత దగ్గర్లో గది తీసుకున్నాను. డ్యూటీకి రెండు బస్సులు మారాలి. రూతు ఇంకా రాలేదు. నెలకోసారి నేనే వెళ్తున్నాను, ఒక కొడవలి కూడా కొనుక్కున్నాను.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఇప్పచెట్టు కిందగానీ వాగు ఒడ్డునగానీ చిన్న దిబ్బ మీద ముళ్లకంప కనిపిస్తే, దారికి అడ్డమని తీసి పారేయకండి. దాన్ని కప్పడానికి ఎవరో అక్కడికి వారం వారం వస్తున్నారు.